అప్‌డేట్: బర్త్ సర్టిఫికెట్, టీసీ లేక రాయగడలో ఆగిన బడి అడ్మిషన్ దొరికింది

పార్వతీపురం నుంచి ఒడిశాలోని రాయగడ వచ్చాక మా అక్క కూతుర్ని కాగితాలు లేవని గవర్నమెంటు బడిలో చేర్చుకోలేదని జూన్‌లో అడిగాను కదా. పాప ఇప్పుడు బడికెళ్తోంది! అందరికీ థాంక్స్.

పనిచేసింది బాలల హక్కుల సంఘం వాళ్లని కలవమన్న సలహా. వాళ్లే ఒడియాలో ఒక పేజీ అర్జీ రాసిచ్చారు. 2009 విద్యాహక్కు చట్టం 14(2) సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని అడ్మిషన్ కాదనకూడదు. 5(3) ప్రకారం టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. హెడ్మాస్టర్‌గారు రెండుసార్లు చదివి, అంగన్‌వాడీ రిజిస్టర్ కాపీ తీసుకుని రెండో తరగతిలో పేరు రాసుకున్నారు.

నోటరీ అఫిడవిట్ ఎవరూ అడగలేదు, దానికి డబ్బు పెట్టకండి. భాష రాదన్న టెన్షనూ అక్కర్లేకపోయింది. నిన్న పాప అరుగు మీద సుద్దతో గుండ్రటి ఒడియా అక్షరాలు రాసి, నా చేత దిద్దించింది.