లిథువేనియా వారి రొట్టె 'దువొన'లో ఉన్నది దకారమా, ధకారమా?

షికాగో పాఠకుడు: ఈ ఊళ్లో లిథువేనియా వారి సాసేజి కోసం వెతుకుతున్నాను. ఎక్కడ చూసినా పోలెండ్ వారి కీల్బాసాయే. 'దెష్రా' అని అడిగితే తెల్లముఖం వేస్తున్నారు. ఒక రొట్టెల దుకాణంలో పెద్దావిడ నల్లటి రై రొట్టె కోస్తూ ఒక సామెత చెప్పారు. 'దియెవస్ దావే దంతిస్' వరకు గుర్తుంది. దేవుడు దంతాలిచ్చాడని అర్థమట. రెండో సగం జారిపోయింది. మన 'నారు పోసినవాడు నీరు పోయడా'కు దగ్గరగా ఉంది. తెలిసినవారు పూర్తి చేయండి. దెష్రా దొరికే చోటు కూడా చెబితే మేలు.

అక్షరాభిమాని: 'దువోస్ ఇర్ దువొనోస్'. రొట్టె కూడా ఇస్తాడని. సంస్కృతంలో పెడితే 'దేవః అదదాత్ దతః, దేవః దాస్యతి ధానాః'. మాటకు మాట సరిపోతుంది. దువొన అంటే మన ధానయే.

అమరపాఠి: మాటకు మాట ఎలా సరిపోతుంది? 'ధానా భృష్టయవే స్త్రియః' అన్నాడు అమరసింహుడు. వేయించిన యవలు ధానలు. వాళ్లది పులియబెట్టి కాల్చిన రొట్టె. పేలాలకూ రొట్టెకూ పొత్తు కుదరదు.

అక్షరాభిమాని: ధాన్యం కూడా ఆ కుటుంబంలోదే కదా. గింజ పేరు వంటకానికి దిగడం వింతేమీ కాదు.

వేదాధ్యాయి: అమరం దాకా వచ్చి ఆగిపోయారు. ఋగ్వేదం 3వ మండలం 52వ సూక్తం మొదటి మంత్రం చూడండి. 'ధానావంతం కరంభిణం అపూపవంతం'. అపూపాన్ని విడిగా చెప్పాడు ఋషి. రొట్టెకు దగ్గరి మాట అక్కడ అపూపం. ధాన కాదు.

ధ్వనిప్రియ: అర్థం సంగతి అలా ఉంచండి. నా పట్టింపు మొదటి అక్షరం మీద. దేవ, దంత, దా ధాతువు, మూడింటిలో ఉన్నది దకారం. ధానలో ధకారం. లిథువేనియాలో రెండూ కలిసిపోయాయి కనుకే సామెత పొడవునా ఒకే హల్లు మోగుతుంది. మన ధూమం అక్కడ 'దూమై'. షికాగో పాఠకుడు గారు వెతికే సాసేజిని వేలాడదీసేది ఆ దూమైలోనే. సంస్కృతంలో పెడితే ఆ అనుప్రాస చివరి మాట దగ్గర తప్పుతుంది. అందుకే సామెత వాళ్ల నేల మీదే పుట్టిందని నా నమ్మకం.

షికాగో పాఠకుడు: సాసేజి మాట వచ్చింది కనుక మళ్లీ అడుగుతున్నాను. పొగబెట్టిందీ పచ్చిదీ రెండూ దెష్రాలేనా?

ఇల్లినాయి తెలుగు: రెండూ దెష్రాలే. పచ్చిదానిలో ముతకగా కొట్టిన పంది మాంసం, ఉల్లి, మిరియాలు, ఆల్‌స్పైస్. 'స్కిలాందిస్' వేరు. వెల్లుల్లి కలిపిన మాంసం ముక్కలను పంది పొట్టలో కూరి, చల్లని పొగ పెట్టి ఆరబెడతారు. మార్క్వెట్ పార్కు దగ్గర 69వ వీధిలో కొంత భాగానికి ఇప్పటికీ లిథువేనియన్ ప్లాజా కోర్ట్ అనే పేరుంది. జనం మాత్రం చాలావరకు నైరుతి శివార్లకు తరలిపోయారు. లెమాంట్‌లోని లిథువేనియా కేంద్రంలో అడగండి. రొట్టె కొంటే అడుగు వైపు తిప్పి చూడండి. పాత పద్ధతిలో ఆకు పరిచి కాలుస్తారు, ఈనెలు అచ్చు పడతాయి. ఆ ఆకుల్లో ఒకటి మన వస. పసిపిల్లలకు అరగదీసి నాకించే వసకొమ్ము మొక్కే.

పల్నాటి అభిమాని: వస సంగతి అద్భుతం. గోధుమ పండని చోట రై, వరి పండని చోట జొన్న. పల్నాటి మీద శ్రీనాథుడు చెప్పిన చాటువే చూడండి, 'కుసుమాస్త్రుండైన జొన్నకూడె కుడుచున్'. మన్మథుడికైనా అక్కడ జొన్నకూడు తప్పలేదు.

ఛందోమిత్ర: 'కూడె' కాదు, 'కూడే'. అది కందం. హ్రస్వం చేస్తే గణంలో ఒక మాత్ర తగ్గిపోతుంది. పైగా ఆ దీర్ఘంలోనే కవి ఉసురంతా ఉంది. జొన్నకూడు తప్ప మరోటి లేదని ఆ ఏకారం చెబుతోంది.

పల్నాటి అభిమాని: మా ఇంట్లో పెద్దలు హ్రస్వంగానే చదివేవారు. అదే పద్యం రెండో పాదంలో 'ఏకులె వడకున్' అని హ్రస్వమే ఉంది కదా.

ఛందోమిత్ర: అక్కడ 'నేకులె' భగణం. హ్రస్వంతోనే నాలుగు మాత్రలు సరిపోయాయి. ఇక్కడ 'కూడే'లో రెండూ గురువులు కావాలి. గణం కట్టి చూడండి.

అమరపాఠి: శ్రీనాథుడు బాగానే ఉన్నాడు. ధాన రొట్టె ఎలా అయిందో అక్షరాభిమాని గారు ఇంకా చెప్పలేదు.

అక్షరాభిమాని: పేలాలు దంచితే పేలపిండి. పిండి తడిపి కాలిస్తే రొట్టె. ఇందులో అడ్డేమిటో మీరు చెప్పండి.