సీజన్ మొదట్లో కొద్ది మ్యాచులు చూసి కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రోళ్ళని ఎలా అంచనా వెయ్యాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్తే. నాది పర్లాకిమిడి, ఇక్కడే చదువుకున్నాను, ఇప్పుడు మా కాలేజీ కుర్రోళ్ళకి సాయంత్రం పూట ప్రాక్టీసు చేయిస్తున్నాను, కోచ్ అనే పోస్టు ఏటీ లేదు, పీఈటీ మాస్టారు అడిగేరనీసి వెళ్తున్నాను. దసరా సెలవలయ్యేక కొన్ని ప్రాక్టీసు మ్యాచులు ఆడేం, పాతపట్నం కుర్రోళ్ళతో ఒకటి, గుణుపురంలో ఒకటి, తరవాత బరంపురం వెళ్ళి గట్టి టీముతో ఆడి బాగా ఓడిపోయేం. ఇప్పుడు ఇంటర్ కాలేజీకి 12 మంది పేర్లు ఇవ్వాలి, ప్రాక్టీసుకి వస్తున్నవాళ్ళేమో అంతకన్నా ఎక్కువ.

ఒక షూటర్ ఉన్నాడు, పాతపట్నం వాళ్ళ మీద త్రీలు (దూరపు గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వరసపెట్టి వేసీసేడు, అందరి నోటా వాడి పేరే, అదే కుర్రాడికి బరంపురంలో ఒక్కటీ పడలేదు. ఇంకోడు కాశీనగరం కుర్రాడు, పాయింట్లు దాదాపు లేవు కానీ వాడు కోర్టులో ఉంటే ఆట బాగుంటాది, ఎందుకో చెప్పలేకపోతున్నాను. సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడేవాడు, కొరాపుట్ వైపు నుంచి వచ్చిన ఫస్టియర్, మంచి పొడుగు, బాగా ఎగురుతాడు, హాఫ్ టైమ్ అవ్వకుండానే మూడు ఫౌళ్ళు తెచ్చీసుకుంటాడు. పాయింట్ గార్డ్, అంటే బంతి ముందుకి తీసుకెళ్ళేవాడు, థర్డ్ ఇయర్, అనుభవం ఉంది గానీ ప్రెస్ చేస్తే (అవతలోళ్ళు మన సగంలోకే వచ్చి మీద పడితే) బంతి పోగొడతాడు. స్కోర్ బుక్ ఒకటి చెప్తాది, కళ్ళకి ఇంకోటి కనిపిస్తాది. దేన్ని నమ్మాలి?

బరంపురం పాత గార్డ్:

తమ్ముడూ, ముందు ఆ త్రీల సంగతి చెప్తాను. నిజంగా 35 శాతం వేసే షూటర్ అనుకో, మన దగ్గర వాడు చాలా మంచివాడే, 20 త్రీలు వేస్తే 7 పడాలి, కానీ 5 పడినా 9 పడినా కూడా అది మామూలే. 5 పడితే 25 శాతం అనీసి బెంచీ మీద కూర్చోబెడతాం, 9 పడితే 45 శాతం అనీసి భుజం తడతాం, కుర్రాడు మాత్రం ఒక్కడే. అందుకని ఇంత కొద్ది మ్యాచుల త్రీలు చూసి తీర్పు చెప్పీకు.

వాడి ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ అయ్యేక గీత దగ్గర నిలబడి వేసే షాట్లు, చూడు. అడ్డం వచ్చేవాడు ఉండడు, బోర్డు నుంచి 4.6 మీటర్లు, ఏ కోర్టులోనైనా అంతే. బాగా పరిగెత్తించి ఆయాసం మీద ఉండగా వేయించు, రోజూ నోట్ బుక్ లో రాయి. ఫ్రీ త్రోలు బాగా పడేవాడి త్రీలు కాస్త ఆలస్యంగానైనా పడతాయి, ఫ్రీ త్రోలే తప్పేవాడికి త్రీలు వరసగా పడితే నేనైతే ఇంకొన్నాళ్ళు ఆగి చూస్తాను.

షాట్ ఎలాంటిదో కూడా రాయాలి. ఖాళీగా నిలబడి వేసిందా, మొహం మీద చెయ్యి ఉండగా వేసిందా. పాతపట్నం మ్యాచ్ లో వాడిని ఎవడైనా పట్టుకున్నాడా అసలు? బరంపురంలో ఖాళీ షాట్లే తప్పేడా, లేక ఖాళీయే దొరకలేదా? ఖాళీ దొరకలేదంటే అది ఆ కుర్రాడి చేతి తప్పు కాదు, మీరు స్క్రీన్లు పెట్టడం (వాడిని కాసేవాడికి మనోడు అడ్డం నిలబడడం) లేదని అర్థం. పైగా మనవి బయట సిమెంటు కోర్టులు, సాయంత్రం గాలి, 6.75 మీటర్ల నుంచి వేసే బంతి ఎంత పక్కకి పోతాదో నువ్వూ ఆడినోడివే, నీకు తెలుసు. మొత్తం పాయింట్లు కూడా చూడకు, ఎన్ని షాట్లకి ఎన్ని పాయింట్లో చూడు, పది టూలు (రెండు పాయింట్ల షాట్లు) వేసి 5 పడితే 10, పది త్రీలు వేసి 4 పడితే 12, శాతం తక్కువున్నోడే ఎక్కువ తెచ్చినట్టు.

అమెరికా కాలేజీ ఆట నేను బాగా ఫాలో అవుతాను, అక్కడ సీజన్ నవంబర్ లో మొదలవుతాది, మొదటి వారాల్లో పెద్ద టీములు చాలా మ్యాచులు తమకన్నా బాగా చిన్న టీములతో ఆడతాయి, 30, 40 పాయింట్ల తేడాతో గెలుస్తాయి. అందుకే కెన్ పామెరాయ్ లాంటి రేటింగులు వేసేవాళ్ళు ఎదుటి టీము బలం లెక్కలోకి తీసుకుంటారు, సీజన్ కి ముందు వేసిన అంచనాని కూడా వెంటనే తీసి పారెయ్యరు, మ్యాచులు పెరిగేకొద్దీ దాని బరువు తగ్గిస్తారు. నువ్వూ అదే చెయ్యి, కిందటేడు ఆ కుర్రాడు ఎలాగ ఆడేడో మర్చిపోకు.

వంశధార ఒడ్డు (గుణుపురం):

గుణుపురం మ్యాచ్ నేను పక్కనే నిలబడి చూసేను. కాశీనగరం కుర్రాడంటే ఎడమ చేతికి బ్యాండ్ కట్టుకున్నోడే కదా? వాడు ఏటి చేస్తున్నాడో చెప్తాను. షాట్ గాల్లోకి లేచినప్పుడు మిగతావాళ్ళందరూ తల పైకెత్తి బంతినే చూస్తారు, వాడు మాత్రం ముందు వెనక్కి తిరిగి తను కాయాల్సిన మనిషి ఎక్కడున్నాడో చూస్తాడు, మోకాళ్ళు వంచి నడుము వాడికి ఆనించి అలాగే నిలబడిపోతాడు, ఆ తరవాతే బంతి వైపు చూస్తాడు. బంతి వాడికి రాదు, మీ పొడుగు కుర్రాడు ఎగిరి పట్టుకుంటాడు. స్కోర్ బుక్ లో ఆ రీబౌండ్ (తప్పిన షాట్ బంతి పట్టుకోవడం) సెంటర్ పేరు మీద పడతాది, సగం పని వీడిది. అవతలోడికి ఆ రీబౌండ్ దొరికితే షాట్ వెయ్యడానికి మళ్ళీ 14 సెకన్లు, ఇంకో షాట్, అది ఆపుతున్నాడు.

వాడు లోపలికి వెళ్ళినప్పుడు స్కోర్ ఎంత, బయటకి వచ్చినప్పుడు ఎంత, పక్కన రాయించు, స్కోర్ బుక్ రాసే కుర్రాడికి ఇది పెద్ద పనేం కాదు. కానీ ఎప్పుడూ మంచి అయిదుగురితోనే ఆడితే ఆ లెక్క వాడిదో వాళ్ళదో తెలీదు కాబట్టి ఒక మ్యాచ్ లో వాడిని బెంచీ వాళ్ళతో కలిపి ఆడించు. అప్పుడూ బాగుంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అవునన్నా, వాడే. మొబైల్ లో తీసిన వీడియో ఉంది, మీరు చెప్పేక రాత్రి మళ్ళీ వేసి చూసేను, బంతిని కాకుండా వాడినొక్కడినే చూసేను. అచ్చం అలాగే చేస్తున్నాడు, పైగా స్క్రీన్ వస్తుంటే అరిచి చెప్తున్నాడు, మిగతా నలుగురూ నోరు విప్పడం లేదు. బరంపురం మ్యాచ్ లో షూటర్ వేసినవాటిలో ఎక్కువ చెయ్యి అడ్డం ఉన్నవే. ఇంక సెంటర్, గార్డ్ సంగతి ఎవరైనా చెప్పండి.

రాయగడ మేడం:

బాబూ, నేను రాయగడలో అమ్మాయిల టీముకి నేర్పిస్తాను, ఫస్టియర్ సెంటర్లతో ఈ కష్టం ప్రతి ఏడూ ఉంటుంది. ఫౌళ్ళు ఎన్నో కాదు, ఎలా వస్తున్నాయో చూడండి. షాట్ ఆపడానికి చెయ్యి కిందికి కొట్టి తెచ్చుకుంటున్నాడా, అయితే పరవాలేదు, చేతులు నిలువుగా పైకెత్తి ఉంచడం రోజూ చేయిస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాళ్ళు కదలక ఆలస్యంగా చేరి పక్క నుంచి తగులుతున్నాడంటే మాత్రం ఆ పని పెద్దది, ఈ సీజన్ అంతా పడుతుంది. 5 ఫౌళ్ళకి వాడు బయటకి పోవడం ఒక్కటే కాదు కదా, క్వార్టర్ లో టీముకి అయిదో ఫౌల్ నుంచి అవతలివాళ్ళకి రెండేసి ఫ్రీ త్రోలు, వాడి తొందర అందరి మీదా పడుతుంది. అయినా పేరు తీసెయ్యకండి. ఫస్టియర్ వాళ్ళు ఇప్పుడున్నట్టు టోర్నమెంటు నాటికి ఉండరు, అంత తొందరగా మారతారు, థర్డ్ ఇయర్ వాళ్ళు సాధారణంగా మనం చూస్తున్నదే. ఇంకో మాట, కొరాపుట్ వైపు అబ్బాయంటున్నారు, మీవాళ్ళు డిఫెన్స్ లో తెలుగులో అరిస్తే అతనికి వెంటనే అందుతోందా? మా దగ్గర అయిదారు పిలుపులు ఒడియాలో ఖాయం చేసుకున్నాం, అందరూ అవే అరుస్తారు.

గార్డ్ గురించి మీరు రాసింది చాలదు. 8 సెకన్లలో సగం కోర్టు దాటించాలి కాబట్టి ప్రెస్ లో ఎవరికైనా కంగారు ఉంటుంది, అయితే బంతి పోయినప్పుడల్లా అతను ఏ చేత్తో కొడుతున్నాడు, మిగతా నలుగురు ఎక్కడున్నారు అన్నది చూడాలి. చాలాసార్లు వాళ్ళందరూ ముందుకి పరిగెత్తేసి ఇతన్ని ఇద్దరి మధ్య వదిలేస్తారు, చెడ్డపేరు మాత్రం ఇతనికి వస్తుంది. బయటకి పోయిన పాస్ వేరే రాయండి, చేతిలోంచి లాక్కుపోయింది వేరే రాయండి, రెండోది అయితే అవతలివాళ్ళకి నేరుగా లేఅప్, అంటే బుట్ట దాకా వెళ్ళి వేసే సులువు షాట్. మీ వీడియోలోనే ఉంటుంది ఇదంతా. సైడ్ లైను దగ్గర పోతోందో నడిమధ్య పోతోందో చూసి ఇక్కడ రాయండి, దాన్ని బట్టి ఏ డ్రిల్ చేయించాలో చెప్తాను.