పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి చేలో పురుగుమందులే కారణమా?

కొబ్బరాకు (అమలాపురం దగ్గర):
మా మేనకోడలి కొడుక్కి నాలుగేళ్లు. విడవని జ్వరం, కాళ్ల మీద కమిలినట్టు మచ్చలు. పరీక్షలు చేస్తే లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, అందులో పిల్లలకి ఎక్కువగా వచ్చే ఏ.ఎల్.ఎల్. రకం అన్నారు. ఇల్లు చేను గట్టునే. దాళ్వా వచ్చిందంటే అన్నం ముద్దకీ మందు వాసనే. ఇది మందుల వల్లేనంటాను. కాదనేవాళ్లుంటే చెప్పండి.

సార్వా రైతు:
నేనంటానండి. ముప్పై ఏళ్లుగా మందు కొడుతున్నా, మా ముగ్గురు పిల్లలూ శుభ్రంగా ఉన్నారు. ఊళ్లో ఏం జరిగినా రైతు మీదకే తోస్తారు. సెల్ టవర్ని అనరే?

పిల్లల వార్డు నర్సు:
రైతుగారూ, మీ ముగ్గురితో మందులకి క్లీన్ చిట్ రాదు. అలాగే ఆ బాబు ఒక్కడితో నేరమూ రుజువవదు. టవర్ వల్ల వస్తుందని ఇంతవరకూ తేలలేదు.

గట్టిగా తేలినవి వేరే ఉన్నాయి. 1945లో హిరోషిమాలో బాంబు పడ్డాక కొన్నేళ్లకే పిల్లల్లో లుకేమియా పెరిగింది. కడుపుతో ఉన్నవాళ్లకి ఎక్స్‌రే తీయడం మీద 1956లోనే ఇంగ్లండ్‌లో ఆలిస్ స్టూవర్ట్ అనే డాక్టరమ్మ హెచ్చరించింది. డౌన్ సిండ్రోమ్‌తో, అంటే ఒక క్రోమోజోమ్ ఎక్కువగా పుట్టిన పిల్లలకి ముప్పు చాలా రెట్లు ఎక్కువ. బర్కిట్ అనే లింఫోమాకైతే (అది లింఫ్ కణాల క్యాన్సర్) ఎప్‌స్టీన్ బార్ వైరస్‌తో సంబంధం ఉంది.

ఇక పురుగుమందులు. గర్భిణిగా ఉండగా మందులు తగిలిన తల్లుల పిల్లల్లో లుకేమియా కాస్త ఎక్కువగా కనిపించిందని చాలా అధ్యయనాలున్నాయి. కాకపోతే వాటిలో చాలావరకు బిడ్డకి జబ్బు చేశాక తల్లిని అడిగి రాసుకున్నవే. అలాంటి తల్లికి ఇంట్లో కొట్టిన దోమల మందు డబ్బా కూడా గుర్తొస్తుంది కదా! అందుకే అనుమానం బలంగానే ఉన్నా ఫలానా బిడ్డకి ఫలానా మందు వల్లే అని ఏ డాక్టరూ రాసివ్వలేడు.

కొబ్బరాకు:
ఇక్కడ రాసిచ్చేశారు లెండి. "కడుపుతో ఉండి ఊడ్పులకెళ్లింది" అని మా మేనకోడల్ని వాళ్లత్తగారు రోజూ దెప్పుతోంది. ఆ పిల్ల అన్నం మానేసింది.

పిల్లల వార్డు నర్సు:
ఆ అత్తగారికి ఈ మాట చదివి వినిపించండి. ఈ జబ్బుకి తొలి మార్పు చాలామందిలో పుట్టకముందే మొదలవుతుంది. ఆ మార్పుతో పుట్టినవాళ్లలోనూ ఎక్కువమందికి జబ్బే రాదు. తల్లి చేసిన తప్పేం లేదు. వైద్యం మధ్యలో మాత్రం ఆపొద్దు, రెండేళ్లు దాటినా సరే. మంచి వైద్యం పూర్తిగా అందినచోట ఈ రకం పదిమందిలో ఎనిమిదిమందికి పైగా నయమవుతోంది.

సార్వా రైతు:
అయితే మమ్మల్ని సేద్యం మానేయమంటారా?

పిల్లల వార్డు నర్సు:
మానమనలేదండి. మీ తైవాన్ స్ప్రేయర్ ఎక్కడ తగిలిస్తారు? ట్యాంకు ఎక్కడ కడుగుతారు? మందు కొట్టొచ్చిన లుంగీ ఎవరు ఉతుకుతారు?

సార్వా రైతు:
వంటింటి వసారాలో. బోదెలో. మా కోడలు.
ఇప్పుడే తీసి మోటారు షెడ్డులో పెట్టొచ్చాను. లుంగీ నేనే ఉతుక్కుంటాలెండి, ఆమెకి ఆరో నెల. టవర్ సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోను.