తల భాగం లేని కుబుసం: ఇది కట్లపాముదా, జెర్రిపోతుదా?

ప్రశ్న:
పాత ఇటుకల కుప్పను తీసివేస్తుండగా దాదాపు మీటరు పొడవున్న కుబుసం దొరికింది. తల భాగం చిరిగిపోయింది గాని, మెడ కింది నుంచి తోక కొన వరకు చెక్కుచెదరలేదు. పొలుసులు నున్నగా ఉన్నాయి. ఫొటో చూసిన ఇద్దరిలో ఒకరు జెర్రిపోతు అన్నారు, మరొకరు కట్లపాము అన్నారు. మొదటిది విషం లేనిది, రెండవది ప్రాణాంతకమైనది కాబట్టి ఊహతో సరిపెట్టుకోలేను. తల లేకుండా తేల్చడం సాధ్యమేనా?

సమాధానం 1:
ఈ రెండింటి మధ్య తేడా తేల్చడానికి తల అవసరం లేదండీ. పొడవును మాత్రం లెక్కలోకి తీసుకోకండి. విడిచేటప్పుడు చర్మం సాగుతుంది కనుక కుబుసం పాముకంటే పొడవుగానే ఉంటుంది. మేజోడు తిరగేసినట్టు లోపలి వైపు బయటికి వచ్చి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

కాస్త తడిపి, నల్ల కాగితం మీద పరిచి, పక్క నుంచి వెలుతురు పడేలా రెండు చోట్ల దగ్గరగా ఫొటో తీయండి. మొదటిది వీపు నడిమి వరుస: కట్లపాముకు అక్కడి పొలుసులు పక్కవాటికంటే స్పష్టంగా పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. రెండవది తోక అడుగు భాగం: మలద్వారం నుంచి కొన వరకు కట్లపాముకు ఒక్కొక్క అడ్డ పొలుసే ఉంటుంది, జెర్రిపోతుకు అవి జంటలుగా విడిపోయి ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టే తీసిన ఫొటోలు జతచేశాను. తోక అడుగున పొలుసులు కొన వరకు జంటలుగానే ఉన్నాయి, నడిమి వరుస కూడా పక్క వరుసల కంటే పెద్దదిగా లేదు. అంటే జెర్రిపోతు అని రాసుకోవచ్చా?

సమాధానం 2:
ఫొటోలు చాలా స్పష్టంగా ఉన్నాయి, కట్లపాము కాదని నిశ్చయంగా చెప్పవచ్చు. పొలుసుల మీద గీటు లేదు కాబట్టి రక్తపింజర కూడా కాదు. అయితే నాగుపాముకు కూడా పొలుసులు నున్నగానే ఉంటాయి, తోక అడుగున జంటలుగానే ఉంటాయి. అందువల్ల జెర్రిపోతు అనడానికి ఇంకొక ఆధారం కావాలి. నడుము దగ్గర, పొట్ట మీది వెడల్పాటి పొలుసులను వదిలేసి, ఒక పక్క నుంచి వీపు మీదుగా రెండో పక్క వరకు వరుసలను ఏటవాలుగా లెక్కించండి. జెర్రిపోతుకు సాధారణంగా 17 వరుసలు వస్తాయి, నాగుపాముకు 21 నుంచి 25 వరకు ఉంటాయి. 17 వస్తే నాగుపాము కాదనుకోవచ్చు గాని, అవే 17 వరుసలున్న చిన్న పాములు వేరేవి కూడా ఉన్నాయి.

మిగిలిన ఇటుకల సందుల్లో దయచేసి చేతులు పెట్టకండి. కుబుసం ఎవరిదైనా, అటువంటి చోట కట్లపాము కూడా దాగి ఉండవచ్చు.

సమాధానం 3:
దీన్ని ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫొటోలు పెడితే అందరూ కలిసి వాటిని గుర్తించే వెబ్‌సైట్‌లో) నమోదు చేసేటట్లయితే, సాక్ష్యం కుబుసమేనని తెలపండి, జాతి తేలకపోతే కుటుంబం దగ్గరే ఆపండి. అక్కడ మూడింట రెండు వంతులకు మించి ఏకీభవిస్తే గుర్తింపు ఖాయమైనట్టే లెక్క, అందులో మీ అంగీకారం కూడా ఒక ఓటే. ఎవరో పేరు చెప్పారన్న కృతజ్ఞతతో ఒప్పుకోకుండా, వరుసలు మీరే లెక్కించి చూశాకే ఒప్పుకోండి.