చిన్నప్పుడు హెపటైటిస్ బి టీకా వేయించాం, పదో తరగతిలో మళ్లీ బూస్టర్ కావాలా?

పదోక్లాసు అమ్మ:
మావాడికి పుట్టిన రోజే హెపటైటిస్ బి టీకా వేశారు. తర్వాతి మూడు డోసులూ వేయించాం. ఇప్పుడు హెల్త్ చెకప్ ప్యాకేజీలో యాంటీబాడీలు చూస్తే 4 వచ్చింది. 10 దాటితేనే రక్షణ అని రిపోర్టులో ఉంది. ఒకటే టెన్షన్. మళ్లీ వేయించాలా?

రమణ:
వేయించేయండి మేడమ్. ఒక్క డోసుకి పోయేదేముంది?

సాగరతీరం:
పోయేదేమీ లేదు, నిజమే. కానీ 10 లోపు ఉంటే రక్షణ లేనట్టే అనుకోకూడదు. టీకాలు పూర్తయిన ఒకటి రెండు నెలలకు చూసే అంకె అది. పదిహేనేళ్లకు చాలామంది పిల్లల్లో తగ్గుతుంది. యాంటీబాడీలు తగ్గినా జ్ఞాపక కణాలు, అంటే వైరస్‌ని గుర్తుపెట్టుకునే రోగనిరోధక కణాలు, మిగులుతాయి. ఈ వైరస్ ముదరడానికి నెలలు పడుతుంది కాబట్టి అవి మేల్కొనే వ్యవధి ఉంటుంది. తైవాన్‌లో 1984లో టీకా కార్యక్రమం మొదలైంది. అప్పుడు తైపీ పిల్లల్లో దాదాపు 10 శాతం మందికి ఈ ఇన్ఫెక్షన్ ఉండేది, 1999కి అది 0.7 శాతానికి దిగింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు బూస్టర్ అక్కర్లేదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రమణ:
అదే తైవాన్‌లో కొందరు టీనేజర్లకు బూస్టర్ ఇచ్చినా యాంటీబాడీలు పెరగలేదు కదా? మరి ఆ జ్ఞాపక కణాలు ఏమైనట్టు?

సాగరతీరం:
మంచి పాయింటే, కొందరిలో ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. అయినా టీకా పడిన ఆ తరంలో దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ మళ్లీ పుంజుకోలేదు. నన్నడిగితే బూస్టర్ ఖర్చు కన్నా పుట్టిన 24 గంటల్లో పడాల్సిన డోసు మీద పెట్టే శ్రద్ధ ముఖ్యం. పురిట్లో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది దీర్ఘకాలం ఉండిపోతుంది. డయాలసిస్ రోగులు, మెడిసిన్, నర్సింగ్‌లో చేరేవాళ్ల లెక్క వేరు, వాళ్లు టెస్టు చేయించుకోవాల్సిందే.

పదోక్లాసు అమ్మ:
మా మామగారికి హెచ్‌బీఎస్ఏజీ (ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ అండీ. మాతోనే ఉంటారు.

సాగరతీరం:
ఈ సంగతి ముందే చెప్పాల్సింది! అయితే బాబుకి హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష కూడా చేయించి, రెండు రిపోర్టులూ డాక్టరుకి చూపించండి. బూస్టర్ సంగతి ఆయన చెబుతారు. రేజరు, టూత్‌బ్రష్, నెయిల్‌కట్టర్ ఎవరివి వాళ్లకే ఉండాలి. కలిసి తింటే రాదు, పెద్దాయనకి కంచం వేరు పెట్టకండి.

రమణ:
ఇంతకీ మీ భార్యాభర్తలిద్దరి సంగతేంటి మేడమ్? మన చిన్నప్పుడు ప్రభుత్వం ఈ టీకా వేయలేదుగా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది 2000ల్లోనే. ముందు మీరిద్దరూ టెస్టు చేయించుకోండి.