చంద్రుడి మీద ఉన్నది బిలమా, గుంటా?

ఉల్క తాకిడికి చంద్రుడి మీద పడ్డ క్రేటర్‌కు మన పత్రికలు 'బిలం' అని రాస్తాయి. ఆ మాట దగ్గర నాకు ప్రతిసారీ చదువు ఆగిపోతుంది. వాలి మాయావిని తరుముతూ దూరింది బిలంలోకి. సుగ్రీవుడు ఒక్క బండరాయితో దాని నోరు మూసేశాడు. పాము దూరేదీ బిలమే. నోరు ఇరుకు, లోపల చీకటి, ఎంతదాకా పోతుందో తెలియదు.

ఇక చంద్రుడి మీది కోపర్నికస్ అనే క్రేటర్‌ను చూడండి. వెడల్పు 93 కిలోమీటర్లు, లోతు నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ. రెండడుగుల పళ్లేనికి అంగుళం లోతు ఉన్నట్టు! నడిమధ్య కొండలు, చుట్టూ మెట్లుమెట్లుగా జారిన గోడలు, గట్టు దాటితే ఎగిరిపడ్డ రాళ్లూ మట్టీ. దీన్ని ఏ బండతో మూస్తాం? గ్రీకులో క్రేటర్ అంటే వైనులో నీళ్లు కలిపే వెడల్పు మూతి పాత్ర. మాట పుట్టిందే పాత్రలో. 'గుంట' అందాం, బిలాన్ని కృష్ణబిలానికి వదిలేద్దాం.

— శుద్ధ దశమి ప్రాంతంలో కోపర్నికస్‌ను టెలిస్కోపులో చూశారా అండీ? గట్టు వెండి కడియంలా మెరుస్తుంది, లోపల కటిక చీకటి. నా నోట వచ్చిన మాట బిలమే. పైగా గుంట అంటే మరీ చిన్నదిగా తోస్తుంది.

— మీరు చూసింది నీడండీ. అప్పుడే అక్కడ తెల్లవారుతుంటుంది, తూర్పు గోడ నీడ అడుగంతా కప్పేస్తుంది. రెండు రోజులాగితే అడుగు తేటగా కనబడుతుంది. పేరు ఆకారానికి పెట్టాలి కదా. చిన్నదనిపిస్తుందన్నది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. 'ఉల్కగుంట' అంటే తాకిడి కూడా మాటలోకి వస్తుంది. ('ఉల్కాగుంట' అంటే సంస్కృతం మాటకు తెలుగు మాట అతికిన వైరిసమాసమంటారు, అందుకే దీర్ఘం వద్దు.)

— మరి కొన్ని గుంటల చుట్టూ ఉండే తెల్లటి గీతలు? 'కిరణాలు' అని చదివాను.

— అదీ నాకు నచ్చదండీ. కిరణం వెలుగు. పౌర్ణమినాడు టైకో అనే గుంట చుట్టూ కనిపించేవి తాకిడికి చిమ్మిన పొడీ రాళ్లూ, కొన్ని 1500 కిలోమీటర్ల దాకా పోయాయి. టైకో వయసు దాదాపు పదకొండు కోట్ల ఏళ్లే, చంద్రుడి లెక్కలో నిన్నమొన్నటిది. అందుకే అవి ఇంకా మాసిపోలేదు. ముగ్గుపిండి చేజారి పడితే నేలమీద ఎలా చిమ్ముతుందో అలా ఉంటాయి. వాటికి 'చారలు' చాలు.