కఠోపనిషత్తు, తావో తే చింగ్: బయటినుంచి వచ్చినవాళ్ళు ఎలా చదవాలి?

వానచినుకు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర క్రైస్తవ కుటుంబం, రోజూ వాక్యం చదువుకునే ఇల్లు. మతం మారే ఉద్దేశం లేదు, ముందే చెప్తున్నా. పోయిన వేసవిలో రైల్లో పక్క సీటు పెద్దావిడ దగ్గర కఠోపనిషత్తు తీసుకుని తిరగేశాను. చిన్న పిల్లాడు మూడు రాత్రులు తిండి లేకుండా యముడి ఇంట్లో కాచుకుని, ఆయన రాగానే మనిషి పోయాక ఉంటాడా ఉండడా చెప్పమని పట్టుబడతాడు. ఏనుగులిస్తా, బంగారమిస్తా అన్నా వద్దంటాడు. ఆ నచికేతుడు నన్ను వదలట్లేదు. తీరా పుస్తకం కొంటే తాత్పర్యంలోనూ సగం సంస్కృతమే. ఈలోగా ఆఫీసులో ఫ్రెండ్ తావో తే చింగ్ అనే పాత చైనా గ్రంథానికి ఇంగ్లీషు అనువాదాలు రెండు ఇచ్చాడు, పక్కపక్కన పెడితే ఒకే అధ్యాయం రెండు వేరే పుస్తకాల్లా ఉంది. ఉపనిషత్తులు, ఇది చివరికి ఒకటే చెప్తున్నాయా? గురువు లేకుండా చదివితే తప్పుగా అర్థమవుతుందా? అమ్మకి కాస్త టెన్షన్‌గా ఉంది.

పాతపుస్తకం:
మొహమాటం లేకుండా చదవండి. షాజహాన్ కొడుకు దారా షికో కాశీ పండితులను పిలిపించుకుని 1657లో యాభై దాకా ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చాడు, తను ముస్లింగా ఉంటూనే. ఆ పారసీ నుంచి 1801-02లో లాటిన్‌లోకి వెళ్తే, అది చదివే జర్మనీలో తత్వవేత్త షోపెన్‌హావర్ వాటికి భక్తుడయ్యాడు. మీకంటే ముందు చాలామంది ఈ గడప తొక్కారండి.

ఒక్క మాట, 12 మంత్రాలే కదా అని మాండూక్యోపనిషత్తుతో మొదలుపెట్టకండి, నేను అక్కడే ఆరు నెలలు ఇరుక్కుపోయాను. కఠం అయ్యాక ఛాందోగ్యోపనిషత్తులో ఆరో అధ్యాయం తెరవండి. ఉద్దాలకుడు కొడుకుని మర్రిపండు తెమ్మంటాడు, చీల్చమంటాడు, గింజ కూడా చీల్చమంటాడు, ఏం కనిపిస్తోందిరా అంటే ఏమీ లేదంటాడు శ్వేతకేతు. ఆ కనిపించని దాంట్లోంచే ఇంత మర్రిచెట్టు అంటాడు తండ్రి. దీనికి నిఘంటువు ఎందుకు?

రెండోషిఫ్ట్:
నేను చైనాలో ఎంబీబీఎస్ చేశాను, ఆ భాషతో కొంచెం పరిచయం ఉంది. తావో తే చింగ్ మొత్తం కలిపి 81 అధ్యాయాలు, సుమారు 5000 అక్షరాలు. పాత చైనీసులో క్రియకి కాలం ఉండదు, ఏకవచనం బహువచనం తేడా ఉండదు, చాలాచోట్ల కర్తే ఉండడు, అందుకే అనువాదకుడు తన ఊహతో నింపక తప్పదు. 1973లో చైనాలోని మావాంగ్‌దుయి అనే చోట పాత సమాధుల్లో పట్టుబట్ట మీద రాసిన ప్రతులు దొరికితే, ఇప్పటి పుస్తకంలోని రెండో భాగం వాటిలో ముందుంది! కాబట్టి రెండు అనువాదాలు ఉంచుకోవడమే మంచిది.

రెండూ ఒకటే అని మాత్రం తొందరపడకండి, నాకు బాగా పట్టింపు ఉన్న విషయం ఇది. తావో తే చింగ్ 11వ అధ్యాయంలో కుండ ఉంది చూడండి, లోపల ఖాళీ ఉండబట్టే అది పనికొస్తోందని అక్కడ ఉంటుంది. మాండూక్యం మీద గౌడపాదులు రాసిన శ్లోకాలు, అంటే కారికల్లోనూ కుండే, కానీ అక్కడ కుండ పగిలితే లోపలి ఆకాశం బయటి ఆకాశంలో కలిసిపోతుంది, అసలు విడిగా ఉన్నదే లేదు అంటారు. ఒకరు ఖాళీతో బతకడం చెప్తున్నారు, ఇంకొకరు వేరు అనేదే లేదంటున్నారు. కలిపేస్తే రెండు కుండలూ పోతాయి.

తులసికోట:
గురువు సంగతిలో నాది వేరే అభిప్రాయం. ఉపనిషత్తు అంటేనే దగ్గర కూర్చోవడం. ఒంటరిగా చదివి మా అన్నయ్య ‘అంతా మిథ్య’ అని ఉద్యోగం మానేసి రెండేళ్ళు ఇబ్బందిపడ్డాడు. కనీసం తోడుగా ఒకరు ఉండాలండి. ఉత్త తాత్పర్యం కాకుండా ప్రతిపదార్థం ఉన్న ప్రతి తీసుకోండి, హైదరాబాద్ వస్తే దోమలగూడ రామకృష్ణ మఠంలో అడగండి.

వానచినుకు:
అందరికీ థాంక్స్. తోడు ఇంట్లోనే దొరికింది. నిన్న రాత్రి తావో తే చింగ్ 11వ అధ్యాయం, గౌడపాదుల కుండ మాట తెలుగులో చెప్పి అమ్మకి వినిపించాను. కాసేపు ఊరుకుని, బైబిల్ తీసి యిర్మీయా 18 చదివింది, కుమ్మరి చేతిలో పాడైన కుండని మళ్ళీ అదే మట్టితో చేయడం ఉంది కదా, అది. మూడు కుండలూ వేర్వేరే అంది. వచ్చే ఆదివారం మందిరం నుంచి వచ్చాక మర్రిగింజ కథ చదవమంది.